రబ్బరు ఒప్పుకున్న బేరం

మొదటి మాట. తెల్లరాళ్ళ మజిలీ, సంత విరిగిన మర్నాడు.

నా పేరు నాంచారమ్మ. మేము గుండ్లూరు వాళ్ళం. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో అడగొద్దు, లెక్కపెట్టే మా అమ్మ ఎప్పుడో పోయింది. సంతలో ఇళ్ళ బేరాలు కుదర్చడం నా పని. కుటుంబంలో ఇప్పుడు ముగ్గురం ఉన్నాం: నేను, నా కోడలు సుభాషిణి, మా ఇల్లు మల్లి. కొడుకు తిమ్మరాజు నది ఈసారి ఎటు జరిగిందో వెతికేవాళ్ళతో ముందే వెళ్ళాడు. కొత్త ఏటి ఒడ్డున మమ్మల్ని కలవాలి. ఇంటిని మనుషుల్లో కలిపి చెప్పిందేమిటని ఎవరైనా నవ్వితే నవ్వండి. ఆరు కాళ్ళ మీద నలభై ఏళ్ళుగా నన్ను మోస్తున్నది మల్లి, మీరు కాదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నేను అన్నదే రాయాలని, తన సొంతం కలపకూడదని సంత పెద్ద ఓబుళప్ప ఎదుట ఒట్టు వేయించాను.

"ఒట్టేసినా గానీ, ఊపిరి తీసుకునేదానికైనా ఆగు అత్తా. నా చెయ్యి గూడా చెయ్యే" అంటోంది. అదీ రాయమన్నాను.

నా ఇంటిని నేను తనకు ఒప్పుకున్నానని పెద్దింటి భూషణం అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది రబ్బరు. అదెలాగో చెప్పాలంటే ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి.

సంతకు మూడు వారాల ముందు మల్లి కుడి ముందు కాలికి ఆముదం పట్టిస్తున్నాను. ఇంటి కాలిలోని తాడు బిగిసి ఉన్నప్పుడు అక్కడ చెయ్యి పెట్టకూడదని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. ఆ పూట నేనే పెట్టాను. తాడు పుటుక్కున తెగింది. కొస కొరడాలా వచ్చి నా కుడి అరచేతిని ఉంగరం వేలి మొదట్లో కోసేసింది. నెత్తురు తుడిచి చూసుకుంటే వేలు ఉంది, గోరు ఉంది, ముడవమంటే మాత్రం ముడవదు. పరాయి వాళ్ళ పిల్లాడిలా నా వంక చూస్తూ నిలబడింది. మల్లి ఒక పక్కకు ఒరిగింది. వంటింట్లో పప్పు కుండ పొర్లి నెర్రె విచ్చింది. ఆ కుండను గుర్తు పెట్టుకోండి.

ఆస్పత్రి ఇల్లు మాకు నాలుగిళ్ళ అవతల ఉంటుంది. డాక్టరు ఇందుమతి చిన్న పిల్ల. కోత పని ఉన్నప్పుడు ఊగకుండా ఆ ఇంటిని మోకాళ్ళ మీద కూర్చోబెడుతుంది.

"నరం తెగిందా బిడ్డా?" అన్నాను.

"నరం బాగానే ఉంది అవ్వా. స్పర్శ తెలుస్తోంది కదా. తెగింది స్నాయువు. ముంజేతిలో కండ లాగితే వేలు ముడుచుకోవాలి. మధ్యన లాగే తాడు అన్నమాట."

"తాడని ముందే చెప్పొచ్చు గదా. మల్లికీ అదే తెగింది, నాకూ అదే తెగింది."

పూర్తిగా నిద్రపుచ్చనని, చేతిని మాత్రం మొద్దుబారుస్తానని చెప్పింది. మధ్యలో నేను వేలు కదిలించి చూపాలట. కుట్టు సరిగ్గా నిలిచిందో లేదో అప్పుడే తెలుస్తుందట.

"మేలుకోని ఉంటే మాట్లాడతాను మరి" అన్నాను.

"మాట్లాడండి, దానికేం" అంది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసేపు అనుకుని ఉంటుంది.

తెగిన తాడు పై కొస అరచేతిలో లేదు. ముంజేతి వైపు పారిపోయింది. బావిలో చేద పడితే పాతాళగరిగె దించి వెతుకుతామే, అట్లా ఆ పిల్ల సన్నటి కొక్కెంతో వెతికింది.

"ఇంకొంచెం ఎడమకు ఎయ్యి" అన్నాను.

"అవ్వా, మీకు కనబడదు."

"చేద ఎప్పుడైనా ఎడమకే పోతాది."

కుడి వైపు దొరికింది. "బావి వేరు, చెయ్యి వేరు" అని మాత్రం అంది.

రెండు కొసలనూ కంటికి ఆనని దారంతో కలిపి కుట్టాక, "ఇప్పుడు మెల్లగా ముడవండి" అంది. తల తిప్పి చూశాను. నా అరచేతిలో తెల్లటి తాడు తడిగా మెరుస్తూ, గొట్టంలోంచి జారినట్టు జారింది. వేలు ముడుచుకుంది. బతుకంతా ఆ వేలితో బేరాలు చేశాను. దాన్ని లాగేదెవరో ఆ పూటే చూశాను. ఎందుకో కోడలిని పిలిచి చూపించాలనిపించింది. పిలిచాను. అది వచ్చి చూసి గుమ్మంలోనే పడిపోయింది. ("కళ్ళు తిరిగినాయి, పడిపోలా" అంటోంది. పడింది.)

"చాపండి. ముడవండి. మళ్ళీ చాపండి" అంటూ ఆ పిల్ల చేయించింది. మా సంత భాషలో ఉంగరం వేలు ముడిస్తే సరే, చాపితే కాదు. నేను ఆ బల్ల మీద పడుకుని ఆమె ఆస్పత్రిని మూడుసార్లు కొని మూడుసార్లు వద్దన్నాను. ఆమెకు తెలియదు.

తర్వాత చేతి వెనక పక్కన ఒక గట్టి డొప్ప కట్టింది, మణికట్టు ముందుకు వంగి ఉండేటట్టు. ఉంగరం వేలి గోటికి చిన్న కొక్కెం అంటించి, దానికి రబ్బరు తగిలించి, రెండో కొసను మణికట్టు దగ్గర పిన్నుకు వేసింది. రబ్బరు వేలిని అరచేతిలోకి లాగి ఉంచుతుంది. దాన్ని ఎదిరించి నేను గంటగంటకూ వేలు చాపాలి, మళ్ళీ వదిలేయాలి. అలా కదలకపోతే తాడు చుట్టూ కండ అంటుకుపోయి వేలు కొయ్యబారుతుందట. సొంత బలంతో ముడిచినా, పిడికిలి పట్టినా కుట్టు ఊడుతుందట.

"గుర్తుంచుకోండి అవ్వా. చాపడం మీ పని, ముడవడం రబ్బరు పని."

ఈ మాట కింద గీత గీయమన్నాను. కోడలు గీసింది.

రెండో మాట. అదే మజిలీ, ఆ సాయంత్రమే.

కోడలు గంజి తాగి వచ్చింది. బేరం సంగతి చెబుతాను.

ఇంటిని అమ్మే మాట ఆ ఇల్లు వినకూడదు. వింటే మోకాళ్ళు ముడిచి కూర్చుంటుంది. అట్లా కూర్చున్నది మళ్ళీ లేవడం అరుదు. అందుకే మా బేరాలన్నీ తుండుగుడ్డ కింద, నోరు మెదపకుండా, వేళ్ళతో జరుగుతాయి. అడిగిన బేరానికి కుడి చెయ్యి ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే అడిగినవాడి మీద ఉమ్మేసినట్టు. చేతులు గుడ్డ కిందికి పోగానే సంత పెద్ద ఆకువక్క నోట్లో వేసుకుంటాడు. నమిలి ఉమ్మే వేళకు వేళ్ళు ఎట్లా ఉంటే అదే మాట. వెనక్కి తీసుకోవడం లేదు.

ఓబుళప్పకు ముందు పళ్ళు రెండే ఉన్నాయి. ఈ సంగతి కూడా రాయి మే. ఆయనకు తెలియనిదేం కాదు.

పెద్దింటి భూషణం నాలాగే బేరాలు చేసేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. తుండుగుడ్డకు అత్తరు పూస్తాడు. అతనికి మూడు గదుల కొత్త ఇల్లు ఉంది, నున్నటి కాళ్ళది. ఇసకలో దిగబడుతుంది. మా మల్లివి పాత కాళ్ళు. తడి వాసన దూరం నుంచే పట్టి ముందు నడుస్తుంది, మిగతా ఇళ్ళు దాని వెనక వస్తాయి. ముందు చేరిన ఇంటికి ఏటి ఒడ్డున మంచి చోటు. అందుకని ఏడాదికోసారి తన ఇంటికి మా ఇల్లు మార్పిడి అడుగుతాడు. ఏడాదికోసారి నేను వేళ్ళన్నీ చాపుతాను.

నిన్న సంతలో మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"నాంచారక్కా, చెయ్యి ఎట్లుండాది?"

"ఉండాల్సిన చోటే ఉండాది. నీ ఇల్లు ఎట్లుండాది? తొడల దాకా దిగబడిందంటనే."

"కొత్త కాళ్ళు గదక్కా. అలవాటు పడతాయిలే" అని నవ్వి, గుడ్డ పరిచాడు.

డొప్పతోనే చెయ్యి పెట్టాను. ఓబుళప్ప ఆకు వేసుకున్నాడు. నేను వేళ్ళన్నీ చాపాను, రబ్బరును ఎదిరించి ఉంగరం వేలు కూడా. కాదు అని ఇంతకన్నా గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఓబుళప్ప నములుతున్నాడు. నా వేలు వణికింది. ఆయన ఇంకా నములుతూనే ఉన్నాడు. కొత్తగా కుట్టిన చెయ్యి, ఎంతసేపు ఆగుతుంది? ఆయన ఉమ్మడానికి వంగే వేళకు రబ్బరు తన పని తాను చేసింది. వేలు వచ్చి అరచేతిలో కూర్చుంది.

భూషణం గుడ్డ లాగేసి, మా గుమ్మం ముందే, గొంతెత్తి, "ఇల్లు నాది" అన్నాడు.

మల్లి విన్నది. మొదట వెనక కాళ్ళు, తర్వాత మధ్య కాళ్ళు, చివరికి కట్టు కట్టిన ముందు కాలు కూడా ముడుచుకుని కూర్చుంది. మా కోడలు వంటింట్లోంచి దొర్లుకుంటూ అరుగు మీదికి వచ్చింది.

"బేరమైతే అయ్యింది. ఇల్లు లేసినాక తోలుకుపోతా" అని వెళ్ళిపోయాడు భూషణం.

మూడో మాట. అదే మజిలీ. నైరుతి గాలి మొదలైంది.

గాలి తిరిగితే సంత కదలాలి. ఇళ్ళన్నీ కాళ్ళకు ఆముదం పట్టించుకుంటున్నాయి. మల్లి లేవలేదు. కూర్చున్న ఇంటి కోసం ఎవరూ ఆగరు. ఇసక ముందు మెట్లను మింగుతుంది, తర్వాత కిటికీలను. నేను చిన్నప్పుడు అట్లా మునిగిన ఇళ్ళ కప్పుల మీద ఆడుకున్నదాన్నే.

అందుకని రోజూ మల్లి మోకాలి పక్కన కూర్చుని వేలు చాపుతున్నాను. చాపుతాను, వదులుతాను. "చూడవే, నాకూ నొప్పే. నువ్వు కూడా ఒక కాలు చాపు" అంటాను. మల్లి వినదు. ఇరవై ఏళ్ళుగా కోడలు కూడా నా మాట వినలేదు గాని, అది కనీసం తిరిగి మాట్లాడుతుంది.

నిన్న అట్లాగే మాట్లాడింది.

"మూడు గదులు అత్తా."

"ఏంది?"

"భూషణం మామ ఇంట్లో. స్నానానికి గోడలోంచి వేడినీళ్ళు వస్తాయంట. గోడలోంచి."

"నీకు వేడినీళ్ళు కావాలంటే నేను కాచి పోస్తా."

"ఒంటి చేత్తోనా? ఇరవై ఏండ్లు రెండు చేతులుండె, ఒక్కరోజన్నా పోసినావా?"

ఇది కూడా రాయమన్నాను. రాస్తూ నవ్వుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి కాబోలు.

ఓబుళప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "రబ్బరు ఒప్పుకున్నిందంటే నేను నమ్ముతా నాంచారమ్మా. రేపు ఇంకొకడు చలికి ముడుచుకున్నిందంటాడు, వాడి తర్వాత ఇంకొకడు చీమ కుట్టిందంటాడు. సంత ఏమైపోతాది? డొప్ప తీసి, పంచాయితీలో నీ వేలు కాదని చెప్పనీ. నేను ఉమ్మేదాకా చాపి నిలుపు. కొట్టేస్తా బేరం."

డాక్టరు పిల్ల ఒప్పుకోలేదు. డొప్ప తీసే రోజు ఇంకా దూరం. ఇప్పుడే తీసి బిగదీస్తే కుట్టు తెగుతుందట. రెండోసారి కుట్టడానికి అంత తాడు మిగలదట.

ఇల్లు కావాలంటే వేలు పోవాలి, వేలు కావాలంటే ఇల్లు పోవాలి. అన్నం సహించలేదు. అట్లా పడుకుని, రబ్బరు వేలిని లాక్కుపోతుంటే చూస్తూ ఉన్నాను. అప్పుడు తోచింది. చూపించాల్సింది నా వేలే ఎందుకు కావాలి?

నాలుగో మాట. పంచాయితీ జరిగిన రోజు.

పంచాయితీ మల్లి అరుగు మీదే పెట్టమన్నాను. ఇల్లు కదలదు, నేను ఇల్లు వదలను. పదిమంది పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఓబుళప్ప ఆకు ఉమ్మడానికి తన ఇత్తడి తమ్మపడిగ పక్కన పెట్టుకున్నాడు.

ముందు భూషణం చెప్పాడు. "నా కర్ర తగిలి ఒకరి కుండ పగిలితే తప్పు కర్రదా, నాదా? రబ్బరు ఎవరి చేతికుండాది? ఆమె చేతికే. కట్టించుకున్నిందెవరు? ఆమే. అయినా ఇంత రబ్బరు ముక్క మనిషి మాటను తిప్పుతాదా సామీ? మనసులో ఉండె గాబట్టి ముడిచింది."

పెద్దల్లో సగం మంది తలలూపారు. ఓబుళప్ప మా కోడలి వైపు తిరిగాడు. "అమ్మా, ఒకింట్లో ఉండేదానివి. మీ అత్త మనసులో ఒప్పుకున్నిందని నీకేమన్నా తోస్తాదా?"

గోడలోంచి వచ్చే వేడినీళ్ళు దాని కళ్ళలో నాకు కనిపించాయి.

"మా అత్త ఏ రోజూ దేనికీ ఒప్పుకోలా సామీ" అంది. "నా పెండ్లికి గూడా."

అరుగంతా నవ్వింది. అప్పుడు నేను లేచాను.

"భూషణా, నీ ఇల్లు వినేంత దగ్గర లేదు గాబట్టి నోటితోనే ఒక బేరం అడుగుతా. నీ మూడు గదుల ఇల్లు, మా పగిలిన పప్పు కుండకు మార్పిడి. కాదను. కానీ ఈ డొప్ప తొడుక్కోని కాదను. ఇంత రబ్బరు ముక్కే గదా."

అడిగిన బేరానికి చెయ్యి ఇవ్వాలి. అతనికీ తెలుసు, అందరికీ తెలుసు. డాక్టరు పిల్ల తన సంచిలోంచి ఇంకో డొప్ప తీసింది. ముందే తెమ్మని చెప్పి ఉంచాను.

భూషణం దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "అదొద్దు. దాంట్లో ఏం మాయ పెట్టినారో. ఆమె చేతికుండేదే నాకు కట్టండి."

ఇది నేను అనుకోలేదు. ఇందుమతి ముఖం తెల్లబోయింది. నా దగ్గరికి వంగి, "అవ్వా, వద్దు" అంది.

"ఎంతసేపులే బిడ్డా. ఆకు నమిలేంతసేపు."

ఆమె నా డొప్ప విప్పి, నా మణికట్టును వంచి, తన రెండు చేతుల మధ్య పిచ్చుకపిల్లను పట్టినట్టు పట్టుకుంది. "నవ్వొచ్చినా, కోపమొచ్చినా, పిడికిలి మాత్రం పట్టొద్దు" అంది. భూషణం గోటికి కొక్కెం అంటింది, రబ్బరు బిగిసింది. గుడ్డ పడింది. ఓబుళప్ప ఆకు నోట్లో వేసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి. ఆ పూట ఆకువక్క మా ఇంటిదే. ఇంటికి వచ్చిన పెద్దలకు తాంబూలం పెట్టడం మర్యాద. అందరికీ లేత వక్క పెట్టాను. ఓబుళప్పకు మాత్రం డబ్బా అడుగున ఉన్న పాతది, గులకరాయికి అన్నదమ్ముడిలాంటిది పెట్టాను.

"ఇది గూడా రాయాల్నా? ఆయనకు చదివి వినిపించాల గదా అత్తా" అంటోంది కోడలు.

రాయి. రెండు పళ్ళ మనిషి కరుస్తాడా.

భూషణం వేళ్ళు చాపాడు. గుడ్డ బల్లపరుపుగా లేచింది. నా వైపు చూసి మీసం కింద నవ్వాడు. ఓబుళప్ప నమిలాడు. దవడ మార్చాడు. మళ్ళీ మొదటి దవడకు తెచ్చుకున్నాడు. గుడ్డ కింద ఒకచోట చిన్న వణుకు మొదలైంది. భూషణం నవ్వు పోయింది.

అయితే ఇక్కడ నా చెయ్యి డొప్ప లేకుండా ఉంది. నేను పెట్టిన వక్క ఇప్పుడు నా మీదికే వచ్చింది. ముంజేతిలో కండ దానంతటదే బిగుస్తోంది. తాడు లోపల జివ్వుమంటోంది. "వదులు చెయ్యండి, వదులు చెయ్యండి" అని ఇందుమతి గొణుగుతోంది. బతుకంతా ఏ పని చెప్పినా గట్టిగా చేశాను. చేతిని వదులుగా ఉంచడమంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు. మల్లి గోడకు వీపు ఆనించి, ఇల్లు పోతే పోయింది, వేలు పోతే పోయింది అనుకున్నాను. అప్పుడు చెయ్యి దానంతటదే వదులైంది.

ఓబుళప్ప తమ్మపడిగ మీదికి వంగాడు. గుడ్డ మధ్యలో చిన్న గుంట పడింది. ఆయన ఉమ్మాడు.

ఓబుళప్పే గుడ్డ తీశాడు. భూషణం ఉంగరం వేలు అరచేతిలో పసిపిల్లలా నిద్రపోతోంది.

"భూషణా, నీ ఇల్లు పప్పు కుండకు పాయ గదరా."

"అది నేను గాదు సామీ, రబ్బరు..." అని ఆగిపోయాడు.

అనాల్సింది అతనే అన్నాడు.

ఓబుళప్ప తీర్పు చెప్పాడు. రెండు బేరాలూ నిలవాలి, లేదా రెండూ పోవాలి. రెండూ నిలిస్తే, మల్లికి మారుగా ఇవ్వాల్సిన ఇల్లే కుండకు పోయింది కాబట్టి, భూషణం చేతిలో పగిలిన కుండ మిగులుతుంది. ఏం కావాలో చెప్పమన్నాడు. భూషణం రెండూ పోనిమ్మన్నాడు.

"అట్లయితే మల్లి వినేటట్టు చెప్పు" అన్నాను. "విప్పిన నోటితోనే."

అతను అరుగు దిగి, గుమ్మం ముందు నిలబడి, గొంతు సవరించుకున్నాడు. "ఈ ఇల్లు నాది గాదు. నాంచారక్కది."

కాసేపు ఏమీ జరగలేదు. ఇసక గాలికి మెట్ల మీద పాకుతోంది. అప్పుడు కింద ఎక్కడో, కట్టు కట్టిన ముందు కాలు కిర్రుమంది. మల్లి లేచింది. పదిమంది పెద్దలు అరుగు మీద ఉన్నారన్న మర్యాద కూడా చూడలేదు. ఓబుళప్ప, ఆయన వెనక తమ్మపడిగ, తమ్మపడిగ వెనక మిగతా తీర్పంతా భూషణం మీదికి దొర్లారు.

నేను నవ్వాను, కడుపు పట్టుకుని కాదు. చెయ్యి ఇందుమతి దగ్గర ఉంది. పిడికిలి పట్టలేదు.

ఐదో మాట. కొత్త ఏటి ఒడ్డు.

మల్లి కుంటుతూనే ముందు చేరింది. తిమ్మరాజు నీళ్ళలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. నా చెయ్యి చూసి, "అమ్మా, ఏందిది?" అన్నాడు. చదువుకోమని ఈ కాగితాలు చూపించాను.

డొప్ప తీసేశారు. తాడు నిలిచింది. పట్టు వస్తోంది, కుండ ఎత్తుతున్నాను. ఉంగరం వేలు మాత్రం పూర్తిగా చాపుకోదు, మధ్య కణుపు దగ్గర వంగే ఉంటుంది. మైనం కాచి ముంచుతూ, చెక్కకు కట్టి పడుకుంటూ ఉంటే ఇంకొంచెం వస్తుందంటోంది ఇందుమతి. వస్తే రానీ. ఈలోపల సంతలో నాది సగం ఒప్పుకున్న వేలు. మిగతా సగం కోసం అడిగేవాళ్ళు నాలుగుసార్లు తిరగాలి. బేరాలు ఇంతకుముందుకన్నా బాగా కుదురుతున్నాయి.

డొప్ప తొడిగిన చెయ్యి గుడ్డ కిందికి పోకూడదని ఓబుళప్ప కొత్త కట్టుబాటు పెట్టాడు. వక్క సంగతి కోడలితో రెండుసార్లు చదివించుకుని విన్నాడు. ఇకమీదట తన వక్క తానే తెచ్చుకుంటాడట.

పప్పు కుండ భూషణానికే పంపాను. మనమే నోటితో మార్పిడికి పెట్టిన వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు. గొంతెత్తి మల్లిని కూర్చోబెట్టినందుకు అతని మీద ఒక జరిమానా వేయించాను: సంత సంతకూ ఒకసారి మా కోడలు పోయి, గోడలోంచి వచ్చే వేడినీళ్ళతో తీరిగ్గా తలంటుకుంటుంది. ఇప్పుడు కూడా తడి జుట్టుతోనే రాస్తోంది, కాగితం మీద చుక్కలు పడుతున్నాయి. అవి నా కన్నీళ్ళు అనుకునేరు.

పసుపు నీళ్ళలో ముంచి కుడి అరచెయ్యి ఈ కాగితం మీద వేస్తున్నాను. మూడు వేళ్ళూ బొటనవేలూ నిండుగా పడ్డాయి. ఉంగరం వేలి దగ్గర కింద ఒక ముక్క, పైన కొస మాత్రమే పడ్డాయి, మధ్యలో ఖాళీ. అచ్చు సరిగ్గా పడలేదని మళ్ళీ వేయించొద్దు. ఆ ఖాళీ కూడా నాదే.

గుండ్లూరు నాంచారమ్మ, ఆమె అరచేతి గుర్తు.

చూసినవాళ్ళు:
సుభాషిణి, కోడలు. రాసింది నేనే. కళ్ళు తిరిగినాయి అంతే, పడిపోలేదు.
ఇందుమతి, డాక్టరు.
ఓబుళప్ప, సంత పెద్ద.
పెద్దింటి భూషణం, వేళ్ళన్నీ చాపి.
మల్లి, ముందు కుడి కాలి గుర్తు. కాగితం చాలలేదు, సగమే పడింది.